నీటి కింది పొయ్యి

మూడువందల పన్నెండు మంది పిల్లలకు
పొద్దున ఉప్మా, పగటికి పప్పు, రాత్రికి ఏదో ఒకటి.
పదకొండేండ్లుగ నా దేశం ఒక గంజు.
ఈ దసరా సెలవులకు
వార్డెన్ మేడం ఇచ్చిన పాత బ్యాగు తగిలించుకొని
సిరిసిల్లల బస్సు, కాజీపేటల రైలు
ఒక్కదాన్నే ఎక్కిన.
ఎవరు పిలిచిన్రే అని అడిగింది మా చెల్లె.
ఎవరూ పిలవకుంటె పోవద్దా?

బీచి రోడ్డుల సముద్రం కంటె ముందు
జలాంతర్గామి కనబడ్డది,
నిప్పుల మీద కాల్చి పక్కకు పెట్టిన
పెద్ద సొరకాయ లెక్క.
టికెట్టు కొని తల వంచి లోపలికి పోతె
అన్నీ గొట్టాలు, చక్రాలు, ముళ్ళాగిన గడియారాలు.
అందరూ టార్పెడోల కాడ ఫోటోలు దిగుతున్నరు.
నేను వంటింటి కాడ ఆగిపోయిన.

అదొక వంటిల్లా!
మా హాస్టల్ల చెప్పులు విడిచే జాగ నయం.
చేయి చాపి కొలిచిన.
అటు మూడు మూరలు, ఇటు రెండు, అదీ కష్టంగ.
"ఎంతమందికి సార్?"
దారి చూపే సన్యాసిరావు గారు, నేవీల చేసి దిగిన మనిషి,
నా దిక్కు తిరిగి చూసిండు.
"డెబ్బై అయిదు మందికమ్మా.
టార్పెడో గురించి అడగనోల్లు నేరు,
వంటోడి గురించి అడిగినోల్లు నేరు."
"మరి పోపు?"
"పోపెడితే ఆ వాసన ఎక్కడికెల్తాదమ్మా?
కిటికీలు నేవు కదా.
రెండ్రోజులు నిద్దర్లో కూడా ఆవాలే."

ఎనకాల జనం తోస్తున్నరు.
ఆ సన్న సందుల నిలబడి
సముద్రం కింద ఉల్లిగడ్డ కోసినాయన కండ్లు
ఎట్ల తుడుచుకున్నడో అనుకున్న.

మధ్యాహ్నం మ్యూజియం.
జమీందార్ల కత్తులు, దొరల పింగాణి,
యుద్ధంల పడి పేలని జపాను బాంబు.
పిల్లగాడొకడు దాన్ని తట్టబోతె
కావలాయన కసిరిండు, ఇంకా భయమే ఉన్నట్టు.
ఒక పళ్ళెం మీద చాకు గీత కనబడ్డది.
ఎవరో గట్టి ముక్కను కోసుకొని తిన్నరు.
ఏం ముక్కో చీటీల రాయలె.
నాకు కావల్సింది అదొక్కటే.

పొద్దుగూకినంక ఇసుకల నూకాలమ్మ బండి.
"ఏటి కావాలమ్మా?"
"పేలాలు."
"పేలాలేటి, ఇవి మురీలు."
మా దిక్కు పేలాలే అన్న.
మీ దిక్కోల్లకి తెల్దు అన్నది.
పేరు కోసం కాసేపు కొట్లాడుకున్నం,
మధ్యల అవి మెత్తవడకుండ ఆమె మూత పెట్టింది.

ఉల్లిగడ్డ, పచ్చిమామిడి, పల్లీలు, నిమ్మకాయ.
ముంతల గరిటె టకటక, టకటక.
వంట చేతులు శాన చూసిన,
ఇంత తొందర చేయి చూళ్ళే.
"ఉప్పు తక్కువైంది" అన్న, అలవాటు కొద్దీ.
"సముద్రం పక్కనే ఉన్నాది కదమ్మా,
గాలి నంజుకుని తిను."

ఎప్పుడూ అడుగంటింది గీకి తినేదాన్ని
ఇయ్యాల పైది తిన్న.
నిలబడి, కాళ్ళు తడుపుకుంట,
ఎవరికీ వడ్డించకుండ.

"నువ్వు రాత్రికేం తింటవు?"
"మిగిల్తే మురీలే.
మిగలకపోతే గంజన్నం, ఎండు నెత్తల్లు."
రెండోది చెప్తుంటె ఆమె మొఖం ఎలిగింది.
అందుకే తెల్లారి హార్బరుకు పోయి
అర్ధకిలో నెత్తల్లు కట్టించుకున్న,
పేపరు మీద పేపరు, దాని మీద కవరు, మళ్ళ పేపరు.

అనకాపల్లి దాటకముందే
బోగీ అంతా అదే వాసన.
ఎదురు సీటాయన ముక్కు మూసుకొని
కిటికీ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
అద్దం ఎత్తుదామని చేయి పెట్టి
మళ్ళ తీసిన.
ఉండనీ,
కాజీపేట దాక.