దుబాసి కూలి

రోజుకు ఎనిమిది వందలు, పొద్దుగాల టిఫిను.
పని: ఈ పక్క మాటను ఆ పక్కకు మోసుడు.
తాడ్వాయి దాటినంక ఫోన్లు మూగబోతయి,
ఇగ నోరొక్కటే దిక్కు.

ఆమె పేరు హన్నెకె.
సముద్రం కంటె పల్లంల ఉన్న దేశమట,
కట్ట తెగితే మునుగుతమని నవ్వుకుంట చెప్పింది.
గోదారి ఎరిగినోళ్లం, మేం నవ్వలే.
పేరు నోరు తిరగక
రెండొద్దులకే అన్నక్కను చేసిన్రు.
అన్ననా, అక్కనా అని పోరగాండ్లు ఒకటే నవ్వుడు.
ఆమె గూడ నవ్వింది, ఎందుకో తెల్వకుంటనే.

వజ్జ పోతమ్మ వాకిట్ల
ఇప్పపువ్వు ఆరబోసిన చాప పక్కన
పటం పరిచింది అన్నక్క.
ఓపెన్‌కాస్టు బాయి వచ్చే జాగ ఎర్రగ,
మిగిలిందంత ఆకుపచ్చగ.
"దీన్ని కాపాడుదాం.
మా తాన వేల మంది సంతకాలు పెట్టిన్రు."
మోసిన, ఈ పక్కకు.
ముసలామె వంగి చూసి
"మా ఇల్లేది?" అన్నది.
మోసిన, ఆ పక్కకు.
అన్నక్క వేలు ఆకుపచ్చ మీద తిరిగి తిరిగి
యాడా ఆగలే.

బయోడైవర్సిటీ అన్న మాటొకటి
గంటసేపు నా నెత్తి మీదనే ఉండె.
కోయల దాన్ని దించే జాగ దొరకలే.
ఆఖరికి "కొర్రలు, సామలు, ఉడుము, తేనెపట్టు, మనం" అన్న.
"మనం చివరికెందుకున్నం?" అనడిగింది పోతమ్మ.

నిరుడు ఇదే చాప మీద కూసొని
ఫారెస్టాయన, పులి కోసం లేవాలె అన్నడు.
ఆయన పటం గూడ ఆకుపచ్చదే.
చెప్పుమన్నది, చెప్పిన.
అన్నక్క చానాసేపు
పెన్ను మూత తీసుడు, పెట్టుడు.

పోతమ్మ ఒక పువ్వు తీసి
వాగు మలుపు తాన పెట్టి అదిమింది.
జిగట మరక.
దాని చుట్టు గీత గీసి
ఊరి పేరు రాయుమని పెన్ను నాకిచ్చింది అన్నక్క.
కోయ రాసే అక్షరాలు బళ్లె ఎవలు చెప్పిన్రు నాకు?
తెలుగులనే రాసిన, వంకరటింకరగ.

జీపెక్కేటప్పుడు
ముసలామె కోయల ఒక మాటన్నది.
అన్నక్క నా దిక్కు చూసింది.
"మళ్ల రమ్మంటుంది" అన్న.

ఆమె అన్నది అది కాదు.
"రేపు పులికీ మాకూ పడితే
ఎవల దిక్కు నిలబడ్తదో అడుగు."

కూలి పైసలు లెక్కవెట్టుకున్న, సరిపోయినయి.
ఆ ఒక్క మాట మాత్రం
ఇంక దించలే.