పద్నాలుగో మెట్టు

రక్షకపత్రాల నడుమ
వెనక్కి మడిచిన చిన్న తోక ఉందా?
ఉంటే రెండుకు పో. లేకుంటే తొమ్మిదికి.
కీలాగ్రం మూడు పాయలా, ఐదా?
కాయ పగిలేది అడుగునా, కొసనా?
ఇరవై ఏళ్ళుగా నా నోట ఇవే ప్రశ్నలు.
గంటపూలు మాత్రం
ఒక్కదానికీ సూటిగా బదులియ్యవు.

తిబిలిసిలో మార్చి. హెర్బేరియంలో హీటరు పాడై
చేతితొడుగుల వేళ్ళు కత్తిరించుకుని పనిచేస్తున్నాను.
బీరువా తెరిస్తే నాఫ్తలిన్,
దాని చాటున సన్నగా ఎండుగడ్డి వాసన.

ఎర్ర అట్టలో ఒకే ఒక్క షీటు.
మా గురువు ఇరోదీ దస్తూరి, ఊదా సిరా:
"షతీలీ పైన, రాతి చూరు కింద. జూలై, అరవై ఒకటి.
కాండం నున్నన. నూగు బొత్తిగా లేదు."
నూగు లేనందుకే అది కొత్త జాతయింది.
భార్య పెలో పేరు దానికి పెట్టాడాయన.

నిరుడు ఆ లోయంతా నేనూ ఎక్కి దిగాను.
ఎండలో నూగున్నవి, నీడలో నున్ననివి,
ఒకే వేరు మీద
ఒక కాడ అలా, ఒక కాడ ఇలా.
గొర్రెల కాపరి సాందువా రెంటినీ చేత పట్టి
పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు నన్ను.
"గొర్రెకు రెండూ ఒకటే.
తేడా అంటారా, గడ్డికోతకు ముందు పూసేది వేరు,
కోతయ్యాక పూసేది వేరు."
ఆ రెండో మాట నా నోటుబుక్కులో
ప్రశ్నార్థకం పక్కన ఇంకా కూర్చునే ఉంది.

మా శాస్త్రంలో పేరు కొట్టెయ్యరు.
అంతకన్నా పాత పేరు కింద, చిన్న అక్షరాల్లో,
నెత్తిమీది మూట దించినట్టు దించుతారు.
అయినా ఎనభై తొమ్మిదేళ్ళ మనిషికి
నీ పూవు లేదమ్మా అని ఎలా చెప్పడం?

పచ్చి వాల్‌నట్ మురబ్బా పెట్టింది.
నేను మాట సాగదీస్తుంటే మధ్యలోనే నవ్వింది.
"అప్పుడే చెప్పాను కదే!
ప్రెస్సు పట్టుకున్నది నేను. ఒకటే వాన.
ఎండ తగలక పాలిపోయింది పాపం అది.
చూరు దాటొచ్చి ఇంకోటి చూడవయ్యా అంటే
తడుస్తానని రాలేదాయన.
అరవై ఏళ్ళుగా ఆ రాతి నీడ నా పేరున ఉంది.
ఇకనైనా..."
మాట ఆపి, చెంచా కోసం వెతుక్కుంది.
చాలాసేపటికి అడిగింది:
"షీటు పారెయ్యరుగా?"

పారెయ్యం.

పద్నాలుగో మెట్టు తీసేశాను.
పదిహేను పద్నాలుగైంది, పదహారు పదిహేనైంది,
రాత్రి దాకా అంకెలన్నీ ఒక్కో మెట్టు దిగాయి.
అచ్చయ్యాక గాని చూసుకోలేదు,
ఒక్కచోట "ఇరవై మూడుకు పో" అనే ఉండిపోయింది.
మా మెట్లు ఇరవై రెండుతో సరి.