గోరంత

ఫిబ్రవరి చివరికొచ్చిందంటే మా వాల్దీవియాలో
ఎండ సామాను సర్దుకుంటున్నట్టే.
వానలు దిగేలోగా కట్టెలు పేర్చుకోవాలి.
రోలాందో ట్రక్కు కుమ్మరించి పోయిన గుట్ట
మూడు రోజులుగా గేటు దగ్గరే ఉంది.
దాని పక్కనే మా ఆయన కూడా,
బోర్లా పడుకుని.

మొదటిరోజు ఎదురింటి ఎర్మెలిందా పరుగెత్తుకొచ్చింది,
పడిపోయాడేమోనని.
ఇప్పుడు కిటికీలోంచే అడుగుతుంది:
"ఇవాళ ఏ పురుగు?"

ముప్పై ఒక్క ఏళ్లు రేవులో
పడవల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి నోల్బెర్తో.
పని మానేశాక పాత కెమెరాకి లెన్సు తిరగేసి బిగించాడు,
ఊడిపోకుండా నా జడ రబ్బరు చుట్టి.
అప్పట్నుంచీ గోరంతలు కొండంతలు చేయడమే ఉద్యోగం.
ఈగ కన్ను జల్లెడలా ఉంటుందనీ,
సాలీడుకి ఎనిమిది కళ్లున్నా
ఒక్కటీ కెమెరా వంక చూడదనీ
భోజనం దగ్గర చెబుతాడు.
సూప్ వడ్డిస్తూ వింటాను.
కొన్నిసార్లు వినను.

అతనికి కావలసింది ఒక్కటే:
నారింజ రంగు బొచ్చు తుమ్మెద,
బొటనవేలంత లావు.
ఎర్ర పావడా కింద ఊదా అంచు కట్టిన చిల్కో పూలకి
మా చిన్నప్పుడు అవే వేలాడేవి.
వాటి కాలికి దారం కట్టి తిప్పేవాణ్ణని
పాపం ఒప్పుకున్నట్టు చెబుతాడు.
ఇప్పుడు పొద నిండా
టమాటా తోటల కోసం ఎవరో తెప్పించిన
తెల్ల తోకల తుమ్మెదలు.
వాటిని తియ్యరాదూ, అంటే
"అవీ అందమైనవే" అంటూ
మొహం పక్కకి తిప్పుకుంటాడు.

వంటింట్లో ప్లమ్ పళ్ల జామ్ కుతకుతలాడుతుంటే
కిటికీ వల మీద కందిరీగలు,
అప్పులవాళ్లలా.
ఒకటి ఎలాగో దూరి గరిటె మీద వాలింది.
అతను కెమెరా తెచ్చాడు, నేను చెప్పు తెచ్చాను.
ఆ ఫోటోలో చెప్పు చాలా స్పష్టంగా వచ్చింది.

నిన్న పొద్దున అతను బ్యాటరీలకని
నది అవతలికి బస్సెక్కాడు.
ఇక లాభం లేదని కట్టెలు నేనే మొదలుపెట్టాను.
ఉల్మో కట్టె, రాయంత బరువు.
(దీని పూల తేనె ఇంకా సీసాలో సగం ఉంది,
ఆ ఆలోచన నాకెందుకో నచ్చలేదు.)
నాలుగో వరసలో, బెరడు పగులులో,
ఉన్ని టోపీ నుంచి ఊడిన కుచ్చు.
కుచ్చుకి కాళ్లున్నాయి.

చలికి బిగుసుకుపోయి ఉంది, బతికే ఉంది.
నోటి ఆవిరి ఊదాను.
వేలికంటిన జామ్ దాని ముందు ఆనించాను.
తుమ్మెదకి అంత పొడుగు నాలుక ఉంటుందని
అరవై నాలుగేళ్లకి తెలిసింది.
అప్పుడు గుర్తొచ్చింది కెమెరా.
బ్యాటరీలో ఆఖరి గుటక మిగిలుంది.
ఎక్కడ చూడాలో తెలీక ఎక్కడో చూసి నొక్కాను.
అది లేచింది,
డీజిల్ పడవలా గొణుగుతూ
ఎర్మెలిందా ఇంటికప్పు దాటిపోయింది.

రాత్రి అతను దాన్ని తెర మీద పెద్దది చేశాడు.
తుమ్మెద లేదు.
ఒక మూల నారింజ మసక.
మిగతా తెరంతా నా బొటనవేలు:
గోరు చుట్టూ ఊదా మరక,
ఆటు తీసిన రేవు బురదలా నెర్రెలు.

చాలాసేపు మాట్లాడలేదు.
నేను సంజాయిషీ వెతుక్కుంటున్నాను.
"ఇదిగో, ఇక్కడ పేడు దిగింది" అన్నాడు
తెర మీద వేలుపెట్టి.
"నొప్పి తెలీలేదా?"

తెలిసింది. జామ్ కాలిందనుకున్నాను.

పురుగుల రెక్కలు సర్దే పట్టకారు తెచ్చాడు.
కళ్లద్దాల మీద కళ్లద్దాలు పెట్టుకుని
నా చెయ్యి దీపం కిందికి లాక్కున్నాడు.
పొద దగ్గర బిగబట్టినట్టే
ఊపిరి బిగబట్టాడు.

"కదలకు" అన్నాడు.

ఎక్కడికి కదలను?
గేటు దగ్గర సగం గుట్ట అలాగే ఉంది,
రేకు మీద మొదటి చినుకు పడింది.