చుక్క తర్వాత

నిరుడు దాక నడుము నొప్పికి
ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు, ఒక చుక్క,
చుక్క పక్కన ఇంకో అంకె. అంతే.
ఈ ఏడు ఆ చివరి అంకె సాలదట.
దాని ఎన్క ఇంకోటి కావాల్నట.
ఎముకదా, ఎందుకో తెల్వనిదా, మరేదన్ననా
తేల్చి రాస్తేనే పైసలు.

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు,
టైర్ల షాపు మీద మేడ.
సుహాసిని మేడమ్ ఫిజియోథెరపీ.
కింద గాలి కొట్టే మిషన్ దడదడలాడితే
పైన నా కంప్యూటర్ బల్ల వణుకుతది.
క్లెయిములు రాసేది నేనే.
పదకొండేండ్లాయె వీపులను అంకెలు చేసుకుంట.
ఒక్క వీపునూ చేత్తో ముట్టలే.

పొద్దున ఇద్దయ్య వచ్చిండు.
మెట్ల మీది చప్పుడుతోనే ఎరుకైతడు:
ఒక అడుగు, ఒక ఆగుడు, ఒక అడుగు.
రైసుమిల్లు హమాలీ, ఇరవై ఆరేండ్లు.
మొదలు నూరు కిలోల బస్తా,
తర్వాత డెబ్బై ఐదు, ఇప్పుడు యాభై.
బస్తా తగ్గుకుంట వచ్చింది,
మనిషి అంతకంటే జల్ది తగ్గిండు.

చేతిల కంపెనీ కాయితం.
"చదువు బిడ్డా, ఏమన్నరు?"
జబ్బు పాలసీ కంటే ముందే ఉన్నదట.
"ముందంటే ఎంత ముందు?"
ఎక్సరేల ఎముక తెల్లగ, గడ్డకట్టినట్టు కనవడ్డదట.
పుట్టింది మర్రిగూడ దిక్కు,
తాగింది బోరునీళ్లు.
ఆయనకన్న ముందు బోరు,
బోరుకన్న ముందు రాయి.
రాయి పుట్టిన తారీఖు ఏ గడిల రాయాలె?

జారిపడ్డడని రాస్తే పైసలొస్తయి.
నాకు తెలుసు. మేడమ్‌కూ తెలుసు.
"ఎన్నడన్న పడ్డవా, ఇద్దయ్యా?"
జర సేపు యాది చేసుకున్నడు.
"పడలే బిడ్డా. పడితే బస్తా పలుగుతది,
కూలి కోస్తరు.
పడకుంటనే మోసిన."

పన్నెండో గడి:
ఇంతకుముందు ఎవరి దగ్గర చూపించుకున్నరు?
ఖాసింసాబ్ దగ్గర. దేవరకొండ అవతల.
వెదురుబద్దలు, గుడ్డుసొన, పాత ధోతి పేలిక,
రెండు చేతులు.
రిజిస్ట్రేషన్ నంబరు?
ఇద్దయ్య నవ్విండు. నడుము పట్టింది, ఆపిండు.
"నంబరేడిది? మనిషే లేడు."
లేదు, అని రాసిన.

లోపల గోడకు మేడమ్ సర్టిఫికెట్.
దాని గడువు ఈ నెలాఖరు.
రెన్యువల్ రాకుంటే ఒకటో తారీఖు నుంచి
ఆమెవి ఉత్త చేతులు,
ఖాసింసాబ్ చేతులసొంటియే.
హైదరాబాద్‌కు మూడుసార్లు తిరిగింది,
ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి సారు లేడు.
మొన్న బస్సుల నిలవడి వచ్చి
"నా నడుముకేం కోడో చూడు" అన్నది.
చూడలే. టీ తెప్పిచ్చిన.

ఇద్దయ్య కుర్చీ వద్దన్నడు,
కూసుంటే లేసుడు కష్టం.
నిలవడే స్క్రీన్ దిక్కు వంగిండు.
"నా నొప్పి ఎన్ని అక్షరాలు?"
వేలు పెట్టి చూపిచ్చిన.
ఇది అక్షరం. ఇవి అంకెలు. ఇది చుక్క.

అంకెలు ఆయనకు రావు.
చుక్క మీద బొటనవేలు ఆనిచ్చిండు,
కూలి రిజిస్టర్ల నిశాని పెట్టినట్టు.
గోటి పగుళ్లల్ల తవుడు.
"గిదే" అన్నడు.
"గీ జాగల్నే ఉంటది."

కింద గాలి మిషన్ మొదలైంది.
బల్ల వణికింది. స్క్రీన్ వణికింది.
చుక్క తర్వాత మొదటి అంకె కొట్టిన.
రెండోది కొట్టేందుకు
ఆయన వేలు తీసేదాక ఆగిన.