పొటాష్

కింది మంచం లింబాద్రిది, పైది నాది.
రెండిటికీ ఒకటే ఇనుము. అందుకే
ఆయన గుండె తప్పటడుగేస్తే
నా వెన్నుకు తెలుస్తది.
సోహార్ పోర్టు వెనక, పదహారు మంది గదిల,
ఏసీ రొద కింద నేను వినేది అదొక్కటే:
దబ్, దబ్, దబ్.
ఆగుతది.
తర్వాత రెండు ఒకదాని మీదొకటి పడతయ్,
లో వోల్టేజీల బోరు మోటరు
నీళ్లెత్తలేక గుర్రుమన్నట్టు.

రంజాన్ ముందు నుంచే కాళ్లు ఉబ్బినయ్.
గుండె నెత్తురు తోడలేకపోతున్నదని
డాక్టరు నీళ్ల గోళీ రాసిండు.
గోళీ కొంత, జూన్ ఎండ కొంత,
అంగీ మీద తెల్ల చారికలు కట్టిన చెమట కొంత
ఒంట్ల ఉన్నదంతా గుంజుకపోయినయ్.
నీళ్లెంబడి ఇంకేం పోతదో ఎవరికెరుక?

పైపు మోస్తూ కూలబడ్డడు.
దవాఖాన తెర మీద పచ్చ గీత
కొత్తగ పలక పట్టిన పిల్లగాని రాత లెక్క.
జాన్సమ్మ సిస్టరు కాగితం చూసి
నా దిక్కు తిరిగి హిందీల చెప్పింది:
"పొటాషియం రెండు పాయింట్ ఆరు."

లింబాద్రి కండ్లు తెరిచిండు.
"పొటాషా?"
మాస్కు లోపల నవ్వు.
"భీంగల్ల రెండెకరాలు పసుపు పెట్టినోణ్ని.
ఆకు అంచు మాడితే
గట్టు మీంచే చెప్పేటోణ్ని, పొటాష్ తక్కువైందని.
ఎన్ని ఎర్ర బస్తాలు చల్లిన ఈ చేతులతోని!
నా అంచు మాడింది
నాకు కనవడకపాయె."

సెలైన్ల కలిపి ఎక్కించిన్రు, చుక్క చుక్క.
నరం పొడుగునా మంట.
తొందరగ పోస్తే గుండె ఆగుతదట,
పోయకుంటే కూడ ఆగుతదట.
తెల్లారేదాక సిస్టరు కుర్చీల నుంచి లేవలే,
మడవ కాడ కూసున్న రైతు తీరు.

ఇప్పుడు నేను పప్పు ఉడికిన నీళ్లు పారబోయ.
నలభై మంది వంటల ఆయనకొక్కనికి వేరే గిన్నె.
ఫోర్‌మన్ సాలిం ఖర్జూరాల డబ్బా పంపిండు,
మాటేం చెప్పి పంపలే.
అరటిపండ్లకు అయిదుగురం వంతులేసుకున్నం.
పండ్లతోని కాదని సిస్టరు కొత్త గోళీ చేతిల పెట్టింది,
పదిహేను రోజులకోసారి నెత్తురు చూపించుకొమ్మంది.
చూపించుకుంటే ఆ దినం జీతం కోత.
మొన్నటిది ఎగ్గొట్టిండు.

తిట్టిన.
"నా బాకీ ఎంతుందో నీకెరుకనారా?" అన్నడు.
ఇద్దరం గోడ దిక్కు తిరిగి పన్నం.

నిద్ర రాలే. బోర్ల తిరిగి
చెవి ఇనుముకు ఆనిచ్చిన.
దబ్, దబ్, దబ్, దబ్.
రాత్రి కరెంటు కోసం
స్టార్టర్ డబ్బా కాడ కాపలా ఉన్నట్టు.
ఉన్నది.
ఇప్పటికైతే ఉన్నది.