కోరం

బాయిలర్ కాడ పందొమ్మిదేళ్లు గేజీ చూసినోణ్ణి నేను.
ముల్లు ఎర్రగీత తాకితే
నిద్దట్లో ఉన్నా అరిచేతులు మేలుకునేవి.
అట్లాంటోణ్ణి పిలిచి
పీఎఫ్ ట్రస్టు మీటింగులో కూర్చోబెట్టినారు,
కార్మికుల తరఫున.

గిరింపేట దాటినాక మా జ్యూస్ ఫ్యాక్టరీ, మేడ మీద గది.
కింద తోతాపురి గుజ్జు వాసన
ఆ తలుపు దాకా వచ్చి ఆగిపోయేది.
మూడు నెలలకొగసారి
కాఫీ, రెండు మసాలా వడలు, ఎర్రట్ట మినిట్స్ పుస్తకం.
నేను రాకుంటే కోరం లేదంట.
ఆ మాటకు
ఇస్త్రీ చొక్కా ఏసుకొని పొయ్యేవాణ్ణి.

"ఏడో అంశం" అని చదివినాడు సెక్రటరీ ఏకాంబరం.
మా ఫండులోంచి పదకొండు కోట్లు
చైర్మన్ అల్లుడి కోల్డ్ స్టోరేజీకి, డిబెంచర్లుగా.
డిబెంచరంటే ఏందో నాకు తెలీదు.
తెలీదని చెప్పేదానికి సిగ్గు.
"యాడుండాది సార్ ఆ స్టోరేజీ?" అని మాత్రం అడిగినా.
"పూతలపట్టు రోడ్డులో" అన్నాడు ఆడిటరు,
పెన్ను నా పక్కకు జరిపి.
మంచి పెన్ను. బరువుగా ఉండింది.

ఆ రోడ్డులో వారానికొగసారి నా బస్సు.
తుమ్మచెట్లు, ఒగ బోర్డు, బోర్డు నీడన మేకలు.
వచ్చే ఏడు కడతారేమో అనుకున్నా.
ఆ మరుసటేడు గూడా అట్లే అనుకున్నా.

బాయిలరుకు వాల్వుంటాది.
ఒత్తిడెక్కువైతే ఎవురినీ అడక్కుండా
ఊరంతా వినేటట్టు కూత పెడతాది.
ఆ గదిలో
వాల్వు చోట నన్ను బిగించినారు.
నేను వడ తింటా ఉండినా.

ఇప్పుడు గేటుకు సీలు.
తిరుపతి పీఎఫ్ ఆఫీసులో మూడో కౌంటరాయన
మా స్లిప్పులు చూడకుండానే తల అడ్డంగా ఊపుతాడు.

నిన్న కుప్పమ్మ వచ్చింది.
ఇరవై ఆరు సీజన్లు కాయల తొడిమలు కోసిన మనిషి.
సొన కాల్చిన వేళ్లు, గోళ్లు లేవు.
తిట్టలేదు. తిట్టుంటే బాగుండు.
యూనియనోళ్లు జెరాక్సు ఇచ్చినారంట,
"చదివి చెప్పు నాయనా, నీకు తెలుసు గదా" అనింది.
చదివినా.
"సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించిరి."
ఏకగ్రీవమంటే ఏందని అడిగింది.
అందరిదీ ఒగటే గొంతని చెప్పినా.

అడుగున
నల్లటి వేలు పెట్టి నిమిరింది:
"ఈ సంతకం ఎవురిది?
గుండ్రంగా, ముద్దుగా ఉండాదే."