సగం టికెట్

మార్కాపురంలో మాది పాత హాలు.
సీట్లలో నల్లులు పోయాయి గానీ
గోడ సందుల్లో పలకల దుమ్ము పోలేదు.
గేటు దగ్గర టికెట్లు చించేది నేనే,
కుడిచేత్తో పట్టి ఎడంచేత్తో లాగి.
ఎడంచేతికి చూపుడువేలు సగమే ఉంది.

ఈ వారం బొమ్మలో పదకొండేళ్ళ పిల్ల.
వెండి ముసుగు, చేతిలో పిడుగులా తిరిగే గొలుసు.
లిఫ్టు తలుపులు తెరుచుకునేలోపు
పద్నాలుగు మందిని పడేస్తుంది.
డబ్బింగు గొంతు మాత్రం ముప్పయ్యేళ్ళ మనిషిది.
హాలు విజిళ్ళతో ఊగిపోతుంది.
ఆ తర్వాత విలన్ ఆ పిల్లని ఎత్తి గోడకేసి కొడతాడు.
అప్పుడూ విజిలే.

సెకండ్ షో వదిలాక
మస్తాన్ టీబండి దగ్గర అదే తగాదా.

"మగపిల్లోడు కొడితే చప్పట్లు కొట్టలా నువ్వు?
ఆడపిల్ల కొట్టేసరికి లోకం చెడిపోయిందా?"
గవర్నమెంటాస్పత్రి నర్సు రంగలక్ష్మి,
డ్యూటీ చీర మీదే వచ్చింది సినిమాకి.

"కొట్టేది సరేనమ్మా, తినేదో?
ఆ బూటుకాలు పిల్ల పొట్టలో దిగినప్పుడు
నా నోట్లో పాప్‌కార్న్ మట్టైపోయింది."
ఆటో పీరయ్య. ఇద్దరు కూతుళ్ళు.

"అది రక్తమా అబ్బయ్యా, రంగునీళ్ళు.
షూటింగయ్యాక ఐస్‌క్రీము తిని
ఏసీ బస్సులో పడుకునుంటది ఆ పిల్ల."
ఆపరేటర్ జిలానీ ముప్పై ఏళ్ళుగా
బొమ్మని వెనకనించే చూశాడు.

"చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో తలలు తెగలేదా,
మనం పిలకాయలం నవ్వలేదా?"
"తెగిన తల తోలుదని
తెర వెనక దీపం చెప్పేది గదా,
ఇక్కడెవరు చెప్తున్నారు?"

టీ చల్లారింది. మస్తాన్ రెండోసారి కాచాడు.
ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ ఇంటికి పోలేదు.
"కేశవులన్నా, రోజుకి నాలుగాటలు చూస్తావు.
నువ్వు చెప్పు."

పలకల ఫ్యాక్టరీ కోతమిషను,
నాకు పదేళ్ళు ఇంకా నిండలేదు.
వేలు తెగి దుమ్ములో పడితే
ముందు ఎరుపు కనిపించలేదు, బూడిదరంగే.
మేస్త్రీ మిషను ఆపలేదు.
గోనెపీలిక చుట్టి పొమ్మన్నాడు.
శనివారం బట్వాడాలో
పాడైన మూడు పలకల డబ్బులు పట్టుకున్నాడు.
మిగతావి బాగానే అమ్ముడుపోయుంటాయి,
ఏదో ఊళ్ళో ఏ పిల్లో వాటిమీద అ ఆ దిద్దుకునుంటది.

ఇదంతా చెప్పబోయి
టీ ఒక్క గుక్కలో తాగేశాను.
"ఆ పిల్ల ఒక్కసారన్నా
'అమ్మా' అనలేదు, చూశారా?" అన్నాను.

"డబ్బింగులో పెట్టుండరు" అన్నాడు జిలానీ.
రంగలక్ష్మి మాత్రం గ్లాసు కింద పెట్టి
నా చేతివైపు చూసింది,
కట్టు కట్టేవాళ్ళు చూసినట్టు.

ఇవాళ మ్యాట్నీకి
ఎవరో ఒకాయన, భుజం మీద కూతురు.
ఆరేళ్ళుంటాయేమో.
మొహానికి అట్టముక్క ముసుగు, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం అంటించింది.
"ఈ పాపకి సగం టికెట్ ఇవ్వరా?" అంటున్నాడు.
కౌంటర్లో ఇవ్వలేదంట, నాతో వాదన.

పాప కిందికి వంగి నా వేలు పట్టుకుంది,
లేని చోట.
"ఎవరు కొట్టారు మామా?
నువ్వు తిరిగి కొట్టావా?"

పాప కళ్ళు ఆ కాగితం కన్నాల్లోంచి
జవాబు కోసం ఆగి ఉన్నాయి.
లోపల టైటిల్స్ పడుతున్నాయి,
వెనక క్యూ తోస్తోంది,
మేనేజరు మెట్లమీదనించి అరుస్తున్నాడు.

టికెట్ నా చేతిలోనే ఉంది.
ఇంకా చించలేదు.